ఒకే తుపాను ఇరవై నాలుగు సార్లు

వచ్చి వెళ్లిపోయిన తుపానును కంప్యూటర్లో మళ్లీ పుట్టించి, అది నడిచిన దారినే నడుస్తుందో లేదో చూడడం వాతావరణ పరిశోధకులకు మామూలు పని. ఒకప్పుడు దీనికి పెద్ద సంస్థ, పెద్ద యంత్రం ఉండాలి. ఇప్పుడు యంత్రాలు అద్దెకు దొరుకుతాయి, అమెజాన్ లాంటి క్లౌడ్‌లో సెకన్ల లెక్కన. తగువల్లా వాటిని ఎలా నడపాలన్న దగ్గరే. బ్రౌజర్లో చూసి నొక్కుతూ నడపాలా, నల్ల తెర మీద కమాండ్లు రాసి నడపాలా?

కింద మాట్లాడుకుంటున్న ఇద్దరూ ఊహాపాత్రలు. వాళ్లు ఎత్తే పనిముట్లు, సంఘటనలు మాత్రం నిజం. ఒకాయన విశాఖలో వాతావరణ శాస్త్రం చెప్పి రిటైరైన ప్రొఫెసర్. రెండో ఆమె ఆయన పాత శిష్యురాలు, హైదరాబాద్‌లో క్లౌడ్ ఇంజనీరు. నల్ల తెర వద్దంటున్నది కొత్తతరం మనిషి కాదు, పెద్దాయనే.

ప్రొఫెసర్: హుద్‌హుద్ తుపాను మీద పనిచేస్తున్న మా కుర్రాడికి నువ్వు పంపిన ఫైలు చూశానమ్మా. పైనుంచి కిందిదాకా కమాండ్లే. వాడు హాయిగా బ్రౌజర్లో యంత్రం ఎంచుకుని, బటన్ నొక్కి రన్ చేసుకుంటున్నాడు. వాణ్ణి మళ్లీ మా కాలానికి ఎందుకు లాక్కెళ్తావు? 1989లో ఢిల్లీకి క్రే ఎక్స్‌ఎంపీ సూపర్‌కంప్యూటర్ వచ్చిన రోజుల్లో మేం టెర్మినళ్ల ముందు కూర్చుని కళ్లు పాడుచేసుకున్నాం. ఇష్టపడి కాదు, గత్యంతరం లేక.

ఇంజనీరు: ఒక్క రన్ అయితే నేనూ బ్రౌజర్లోనే చేసుకోమనేదాన్ని సార్. అతను చేయాల్సింది ఇరవై నాలుగు. తుపాను 2014 అక్టోబర్ 12న విశాఖ దగ్గర తీరం దాటింది. ఆ దారి, ఆ గాలి వర్ఫ్ మోడల్లో ఎంత దగ్గరగా వస్తాయన్నది మనం ఎంచుకునే ఫిజిక్స్‌ని బట్టి ఉంటుందని మాకు క్లాసులో చెప్పింది మీరే. మేఘంలో నీరు, మంచు ఎలా పెరుగుతాయో లెక్కించడానికి అతను నాలుగు పద్ధతులు తీసుకున్నాడు. గ్రిడ్‌లో ఇమడని క్యుములస్ మేఘాలకు మూడు. నేలకు ఆనుకున్న గాలిపొరకు రెండు. నాలుగు, మూడు, రెండు గుణిస్తే ఎంత?

ప్రొఫెసర్: ఇరవై నాలుగు. అయితే ఏం? ఒక పూట పని.

ఇంజనీరు: ఒక పూటలో ఇరవై నాలుగుసార్లు మోడల్ అమరికలుండే నేమ్‌లిస్ట్ ఫైలు తెరిచి అంకెలు మార్చాలి. గాలిపొర అంకె 1 అయితే వైఎస్‌యూ పద్ధతి, 2 అయితే ఎంవైజే. దాన్ని మార్చినప్పుడు ఉపరితల పొర అంకె కూడా జతగా మారాలి. మరిచిపోతే మోడల్ మొదట్లోనే ఆగిపోతుంది. అది మంచి తప్పు, అరిచి చెబుతుంది. చెప్పని తప్పుతోనే భయం. పదమూడో రన్‌లో మేఘాల అంకె 8కి మార్చాల్సింది 6గానే ఉండిపోయిందనుకోండి. మోడల్ కిక్కురుమనదు. రెండు రన్‌లకూ ఒకే ఫలితం వస్తుంది. కుర్రాడు దాన్ని చూసి, ఈ పద్ధతి మారినా తుపాను దారి మారలేదని థీసిస్‌లో రాసేస్తాడు.

ప్రొఫెసర్: అది మనిషి అజాగ్రత్త, బ్రౌజర్ తప్పు కాదు. నీ స్క్రిప్టులో 8 బదులు 6 పడితే ఒకటి కాదు, ఆ వరసలో ఉన్న ఆరు రన్‌లూ ఒకేసారి తప్పుతాయి.

ఇంజనీరు: తప్పుతాయి. కాకపోతే ఆ 6 ఒక లైనులో నల్లగా అచ్చై ఉంటుంది. మీరు చదివి పట్టుకుంటారు. నొక్కిన వేలు ఎక్కడ నొక్కిందో ఎవరు చదవగలరు?

ప్రొఫెసర్: దానికీ చిట్టా ఉంది. క్లౌడ్‌ట్రెయిల్ అంటారట, వాడే చూపించాడు. ఎవరు ఎప్పుడు ఏ యంత్రం తెరిచినా, మూసినా అందులో పడుతుంది.

ఇంజనీరు: పడుతుంది సార్. విడిగా భద్రపరచమని చెప్పకపోతే 90 రోజులు కనిపిస్తుంది. అతని పీహెచ్‌డీ ఎన్నేళ్లు? పోనీ ఉందనుకుందాం. యంత్రం పుట్టిందనీ పోయిందనీ అందులో ఉంటుంది. ఆ యంత్రంలోకి వెళ్లి నేమ్‌లిస్ట్‌లో ఏ అంకె దిద్దాడో ఉండదు. మీ కుర్రాడు ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాక తర్వాతి విద్యార్థి ఆ చిట్టా పెట్టుకుని పన్నెండో రన్ మళ్లీ చేయగలడా?

ప్రొఫెసర్: సరే, ఆ ఫైలు వరసగా చదువు. ఎక్కడ అడ్డం పడాలో అక్కడ పడతాను.

ఇంజనీరు: మొదట డేటా. 2014 నాటి వాతావరణం కావాలి గనక యూరప్ వాళ్ల ఈఆర్ఏ5 తీసుకున్నాం. గంటగంటకూ, సుమారు 31 కిలోమీటర్ల గ్రిడ్‌తో దొరుకుతుంది. కోపర్నికస్ క్లైమేట్ డేటా స్టోర్‌ని చిన్న పైథాన్ ముక్కతో అడుగుతాం.

ప్రొఫెసర్: ఇదిగో ఇక్కడే. ఆ సైట్‌లో ఫారం ఉంది. ఏ తేదీ, ఏ గంట, ఏ ఎత్తు, ఏ ప్రాంతం అని టిక్కులు పెడితే చాలు. టిక్కులు పెట్టాక కింద ఆ పైథాన్ ముక్క తనంతట తానే తయారవుతుంది. నువ్వు గొప్పగా చెప్పే ఆ ముక్క నొక్కడంలోంచే పుట్టింది! కాదను.

ఇంజనీరు: కాదనను, నేనూ అలాగే తెచ్చుకున్నాను. నాకు అంతకన్నా నచ్చే పద్ధతి లేదు. ఏమేం దొరుకుతాయో ఫారం చూపించింది, ఏం అడిగామో ఆ ముక్కలో మిగిలింది. మిగతా సైట్లు కూడా ఇలాగే ఉంటే మనకీ వాదన ఉండేది కాదు.

తర్వాత క్లస్టర్. ఎన్ని యంత్రాలు, ఏ రకం, ఏ డిస్కు అన్నది యామల్ ఫైలులో రాసి ఉంటుంది. పీక్లస్టర్ క్రియేట్-క్లస్టర్ అని ఆ ఫైలు చూపిస్తే అమెజాన్ ప్యారలల్ క్లస్టర్ దాన్ని నిలబెడుతుంది. ముందు డ్రై రన్ అడగొచ్చు. ఏదీ సృష్టించకుండా, రాసింది సరిగా ఉందో లేదో చెబుతుంది.

ప్రొఫెసర్: దీనికీ బ్రౌజర్ తెర ఉందిగా?

ఇంజనీరు: ఉంది. అదీ చివరికి అదే యామల్ ఫైలును తయారుచేస్తుంది. తర్వాత వర్ఫ్ ముందుపనులు. జియోగ్రిడ్ నేలను పరుస్తుంది, అన్‌గ్రిబ్ డేటాను విప్పుతుంది, మెట్‌గ్రిడ్ రెంటినీ కలుపుతుంది. ఇవి ఒక్కసారి చేస్తే ఇరవై నాలుగింటికీ సరిపోతాయి. రియల్, ఆ తర్వాత వర్ఫ్ మాత్రం ప్రతి రన్‌కూ విడిగా. వాటిని, పనులను క్యూలో పెట్టి నడిపే స్లర్మ్‌కి ఒక్క ఎస్‌బ్యాచ్ లైనుతో అప్పగిస్తాం. ఒకటి నుంచి ఇరవై నాలుగు దాకా, ఒకేసారి నాలుగు మించకుండా అని ఆ లైనులోనే రాసి ఉంటుంది.

ప్రొఫెసర్: ఆగు. గ్రిడ్ 9 కిలోమీటర్లు పెట్టారు. టైమ్‌స్టెప్ ఎంత?

ఇంజనీరు: 54 సెకన్లు. కిలోమీటర్లకు ఆరు రెట్లు.

ప్రొఫెసర్: నీకు తెలుసు. వాడు రేపు గ్రిడ్‌ను 3 కిలోమీటర్లకు దించుతాడు. స్క్రిప్టులో 54 అలాగే కూర్చుంటుంది. మోడల్ ఏ గంట దగ్గరో, టైమ్‌స్టెప్‌కు ఉండే సీఎఫ్‌ఎల్ హద్దు దాటి పేలుతుంది. తన చేత్తో అంకె నింపేవాడు కనీసం ఆ గడి దగ్గర ఆగి ఆలోచిస్తాడు. స్క్రిప్టు వాడేవాడు ఎంటర్ కొట్టి టీకి వెళ్తాడు.

ఇంజనీరు: స్క్రిప్టులో 54 అని లేదు సార్. గ్రిడ్ కిలోమీటర్లను ఆరుతో గుణించు అని ఉంది. గ్రిడ్ మారితే అదీ మారుతుంది.

ప్రొఫెసర్: ఆరే ఎందుకో వాడికి తెలుసా?

ఇంజనీరు: అది స్క్రిప్టు నేర్పదు. మీరు నేర్పాలి.

(ఇక్కడ నా మాట ఒకటి. కమాండ్ల పక్షం వాళ్లు సాధారణంగా ఎత్తుకునే మొదటి వాదన వేగం. మౌస్ కన్నా కీబోర్డు త్వరగా అవుతుందని. ఇంతకన్నా బలహీనమైన వాదన వాళ్ల దగ్గర ఇంకోటి లేదు. రన్‌కు గంటలు పట్టే చోట టైపు చేయడంలో నాలుగు సెకన్లు మిగిలితే ఎవరికి కావాలి? శిష్యురాలు ఆ ఊసు ఎత్తకపోవడం నాకు నచ్చింది. ఆమె అడుగుతున్నది చదవదగ్గ రాతను. ప్రొఫెసర్ భయమేమో ఆ రాతను ఎవరూ చదవరని. ఇద్దరి వాదమూ నిజానికి చదవడం గురించే.)

ప్రొఫెసర్: చదవగలిగే రాత అంటున్నావు. క్యోటో సంగతి తెలుసా నీకు?

ఇంజనీరు: మీరు అడుగుతారని ఎదురుచూస్తూనే ఉన్నాను.

ప్రొఫెసర్: 2021 డిసెంబర్. క్యోటో విశ్వవిద్యాలయం సూపర్‌కంప్యూటర్. పాత లాగ్ ఫైళ్లు ఊడ్చే షెల్ స్క్రిప్టు 14 నుంచి 16వ తేదీ మధ్య పరిశోధకుల ఫైళ్లనే ఊడ్చేసింది. 77 టెరాబైట్లు, దాదాపు 3 కోట్ల 40 లక్షల ఫైళ్లు. 14 పరిశోధక బృందాలవి. అందులో నాలుగు బృందాలవి బ్యాకప్‌లోంచి కూడా తిరిగి రాలేదు. అవన్నీ సిమ్యులేషన్లు చేసుకునేవాళ్ల కష్టమే తల్లీ. ఎన్ని బటన్లు నొక్కితే 3 కోట్ల ఫైళ్లు పోతాయి? వేలు నొప్పెట్టి మధ్యలో ఆగుతాడు మనిషి. స్క్రిప్టుకు వేలు లేదు.

ఇంజనీరు: నిజమే. ఈ వాదనకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. అయితే అక్కడ జరిగింది వివరంగా చూడండి. స్క్రిప్టు నడుస్తూ ఉండగానే దాని మీద కొత్త వెర్షన్ రాసేశారు. బ్యాష్ ఫైలు మొత్తం ముందే చదువుకోదు, నడుస్తూ నడుస్తూ చదువుతుంది. మధ్యలో కొత్త పాఠంలోకి జారింది. అక్కడ ఉన్న వేరియబుల్‌కు విలువ లేదు. ఏ ఫోల్డర్లో తుడవాలో చెప్పాల్సిన చోట ఖాళీ. దాంతో లాగ్‌ల ఫోల్డర్ బదులు పైనున్న దానంతటినీ తుడిచింది. ఆ యంత్రం సరఫరా చేసిన హ్యూలెట్ ప్యాకార్డ్ ఎంటర్‌ప్రైజ్ వాళ్లు బాధ్యత తమదేనని రాతపూర్వకంగా ఒప్పుకున్నారు.

ప్రొఫెసర్: ఒప్పుకుంటే ఫైళ్లు వచ్చాయా?

ఇంజనీరు: రాలేదు. కానీ కారణం ఏ లైనో మనిద్దరం ఇవాళ మాట్లాడుకోగలుగుతున్నాం. అందుకే నా ప్రతి స్క్రిప్టు పైన ఒక లైను ఉంటుంది. విలువ లేని వేరియబుల్ తగిలినా, ఏ కమాండ్ విఫలమైనా అక్కడికక్కడ ఆగిపోమని. నడుస్తున్న ఫైలును దిద్దను. మార్పు గిట్‌లోకి వెళ్తుంది, తర్వాతి రన్ కొత్త కాపీతో మొదలవుతుంది.

ప్రొఫెసర్: నువ్వు పెడతావు. వాడు పెడతాడా? అమెజాన్ ఇంజనీరుకే తప్పలేదు. 2017 ఫిబ్రవరి 28. ఎస్3 స్టోరేజ్ బిల్లింగ్ వ్యవస్థ నెమ్మదించిందని చూడబోయి, ఎప్పుడూ వాడే కమాండ్‌లోనే ఒక అంకో పేరో తప్పు కొట్టాడు. కొన్ని సర్వర్లు తీయబోతే చాలా సర్వర్లు పోయాయి. సుమారు నాలుగు గంటలు అమెరికాలో ఎన్నో వెబ్‌సైట్లు తడబడ్డాయి.

ఇంజనీరు: తర్వాత వాళ్లేం చేశారో కూడా చెప్పండి. కమాండ్లు మానేసి బటన్లు పెట్టుకోలేదు. ఆ పనిముట్టు సర్వర్లను నెమ్మదిగా మాత్రమే తీసేలా, కనీస సంఖ్య కిందికి దించే కోరికను తిరస్కరించేలా మార్చారు. కమాండ్‌కు కళ్లెం కమాండ్‌లోనే వేశారు. మన యామల్‌లో గరిష్ఠంగా ఇన్ని యంత్రాలే అని రాసిందీ ఆ జాతి కళ్లెమే. ఎస్‌బ్యాచ్ లైనులో నేను 24 బదులు 240 కొట్టినా క్యూ పొడుగవుతుందే తప్ప యంత్రాలు పెరగవు.

ప్రొఫెసర్: డబ్బు మాట వచ్చింది గనక చెప్తున్నా. బ్రౌజర్లో యంత్రం పక్కన రన్నింగ్ అని కనబడుతుంది. నల్ల తెర మూసేస్తే ఏం కనబడుతుంది?

ఇంజనీరు: బ్రౌజర్లో మీరు చూస్తున్న రీజియన్‌లోది కనబడుతుంది సార్. ఎక్కువ పేజీలు ఒక్క రీజియన్‌నే చూపిస్తాయి. ముంబైలో ఒక యంత్రం తెరిచి, మర్నాడు హైదరాబాద్‌కు మార్చుకుని, జాబితా ఖాళీగా ఉంది కదా అనుకునేవాళ్లు ఉంటారు. ముంబై యంత్రం మీటర్ తిరుగుతూనే ఉంటుంది. అన్ని రీజియన్ల పేర్లూ తెచ్చుకుని ఒక్కొక్కదాంట్లో ఏం నడుస్తోందని అడగడానికి నాకు మూడు లైన్లు చాలు. రన్ యంత్రాల సంగతా, స్లర్మ్‌లో పని లేకపోతే మామూలు అమరికలో పది నిమిషాలకు వాటంతటవే ఆగిపోతాయి. క్లస్టర్‌ను నడిపించే హెడ్ నోడ్ మాత్రం ఆగదు, దాన్ని మనమే మూయాలి.

ప్రొఫెసర్: స్పాట్ యంత్రాలు చవకని వాడు వాటి వెంటపడ్డాడు. అవి మధ్యలో లాగేసుకుంటారట.

ఇంజనీరు: రెండు నిమిషాల ముందు చెప్పి లాగేసుకుంటారు. వర్ఫ్ నాలుగు యంత్రాల మీద కలిసి నడుస్తుంటే ఒక్కటి పోయినా రన్ మొత్తం పోతుంది. అందుకే మోడల్ గడియారంలో కొన్ని గంటలకోసారి రీస్టార్ట్ ఫైలు రాయమంటాం. పోయినప్పుడు ఆఖరి రీస్టార్ట్ ఫైలు ఏదో చూసి, నేమ్‌లిస్ట్‌లో రీస్టార్ట్ అని మార్చి, మొదలయ్యే సమయం దిద్ది మళ్లీ క్యూలో పెట్టాలి. ఇదంతా రాత్రి రెండింటికి జరిగితే బ్రౌజర్ ముందు ఎవరు కూర్చుంటారు?

ప్రొఫెసర్: ఇది ఒప్పుకుంటాను. నిద్ర చెడగొట్టుకోమని ఏ విద్యార్థికీ చెప్పను. కానీ ఆ రాత్రి రెండింటికి స్క్రిప్టు తప్పుగా అర్థం చేసుకుంటే? రన్ పాడైనా అయిపోయిందని చెబితే?

ఇంజనీరు: చెబుతుంది. ఇది అందరూ తగిలించుకునే దెబ్బ. పని సున్నా కోడ్‌తో ముగిస్తే స్లర్మ్ దాన్ని సఫలమంటుంది. ఆ సున్నా స్క్రిప్టులోని ఆఖరి కమాండ్‌ది. వర్ఫ్ కూలిపోయినా, చివరన 'పని అయింది' అని అచ్చు వేసే లైను ఉంటే సున్నాయే వస్తుంది. వెనకున్న పని సంతోషంగా మొదలవుతుంది. అందుకని సున్నాను నమ్మను. వర్ఫ్ సవ్యంగా ముగిస్తే తన లాగ్ ఫైలు చివర 'సక్సెస్ కంప్లీట్ వర్ఫ్' అని రాస్తుంది. ఆ మాట దొరికితేనే ఫలితాలు ఎస్3 బకెట్‌లోకి వెళ్తాయి.

ప్రొఫెసర్: బకెట్‌లోకి ఎలా పంపుతున్నావు?

ఇంజనీరు: ఎస్3 సింక్‌తో. డిలీట్ ఆప్షన్ లేకుండా. అది పెడితే ఇక్కడ లేనిదల్లా అక్కడా తుడిచేస్తుంది. ఇక్కడ డిస్కు ఖాళీ చేసుకున్న మర్నాడు అలవాటుగా ఆ ఆప్షన్‌తో సింక్ కొడితే నిన్నటి ఫలితాలు గల్లంతు.

ప్రొఫెసర్: చూశావా? ఒక్క మాట. బ్రౌజర్లో ఫైళ్లు తుడవాలంటే పర్మనెంట్లీ డిలీట్ అని టైపు చేయమని అడుగుతుంది. నల్ల తెర అడగదు.

ఇంజనీరు: అడగదు. డ్రై రన్ ఇస్తే ఏమేం పోతాయో చూపిస్తుంది, మనం అడిగితేనే. ఈ విషయంలో బ్రౌజరే మర్యాదస్తురాలు. అందుకని బకెట్‌కి వెర్షనింగ్ పెట్టాను. తుడిచినా పాత కాపీ ఉంటుంది.

ప్రొఫెసర్: తాళాల సంగతో? వాడి ల్యాప్‌టాప్‌లో యాక్సెస్ కీ మామూలు ఫైలులో పచ్చిగా కూర్చుంది. స్క్రిప్టును అందరికీ చూపిస్తానని గిట్‌హబ్‌లో పెడతాడు, దాంతోపాటు కీ కూడా పోతుంది. ఎవడో మన ఖర్చు మీద క్రిప్టోకరెన్సీ తవ్వుకుంటాడు.

ఇంజనీరు: ఆ కీ తీసేయమనే చెప్పాను. కొన్ని గంటలకే చెల్లిపోయే టోకెన్‌తో లాగిన్ అవ్వాలి. యంత్రాలకైతే రోల్ ఇస్తే కీ అవసరమే లేదు. ఇది ఇష్టాయిష్టాల మాట కాదు, పాత కీలు వాడొద్దు, అంతే.

ప్రొఫెసర్: ఇక నా అసలు బాధ చెప్తాను. వాడు ఊళ్లో తెలుగు మీడియంలో చదివి వచ్చాడు. చేతిలోకి వచ్చిన మొదటి కంప్యూటర్ ఫోనే. నల్ల తెర మీద పర్మిషన్ డినైడ్ అని పడితే తననే ఎవరో తిట్టినట్టు చూస్తాడు. బ్రౌజర్లో మెనూ ఉంటుంది, ఏమేం చేయొచ్చో చూసి తెలుసుకుంటాడు. నల్ల తెర ఏమీ చూపించదు. ముందే తెలిసినవాడికే అది తలుపు తీస్తుంది.

ఇంజనీరు: దానికి నేను ఎదురు చెప్పను. తొలివారం మొత్తం బ్రౌజర్లోనే తిరగనివ్వండి. ఒక చిన్న యంత్రం తెరవడం, మూయడం, బిల్లు పేజీ చూడడం. తర్వాత అదే పని కమాండ్‌తో చేయించండి. తను కళ్లతో చూసిన యంత్రమే ఈ లైనుతో పుట్టిందని తెలిస్తే భయం సగం పోతుంది. కానీ పేపర్‌లో అచ్చు వేయబోయే ఏ రన్ అయినా స్క్రిప్టులోంచే రావాలి. ఇక్కడ మాత్రం నేను తగ్గను.

ప్రొఫెసర్: నేనూ ఒకచోట తగ్గను. ఆ స్క్రిప్టు నువ్వు రాసి పంపితే కుదరదు. వాడే రాయాలి. ఒక్కో లైనూ ఎందుకుందో నా ముందు నోటితో చెప్పాలి. చెప్పలేని లైను తీసేయాలి. అలా అయితే బ్రౌజర్‌ను చూడడానికే ఉంచుకుని, మార్చడానికి వాడొద్దని నేనే చెబుతాను.

ఇంజనీరు: నేను పంపిన ఫైలు పారేయమంటారా?

ప్రొఫెసర్: జవాబుల పుస్తకంలా నా దగ్గర పెట్టుకుంటాను. చివరి లైను ఏంటి అందులో?

ఇంజనీరు: పీక్లస్టర్ డిలీట్-క్లస్టర్. హెడ్ నోడ్‌తో సహా పోతుంది. బకెట్, అందులోని ఫలితాలు ఉంటాయి. వాటికి నెలనెలా అద్దె ఉంటుంది, వెర్షనింగ్ దాచిన పాత కాపీలతో కలిపి.

వాళ్ల మాట అక్కడికి తెగింది. నా తీర్పు అడిగితే శిష్యురాలి వైపే, ప్రొఫెసర్ పెట్టిన షరతుతో. ఈ దారిలో మొదటి అడుగు వేయబోతున్న విద్యార్థులకు ఒక్క మనవి. క్లస్టర్ కమాండ్ కొట్టకముందే బడ్జెట్ అలర్ట్ పెట్టుకోండి. దాన్ని నమ్ముకుని మాత్రం నిద్రపోకండి. అలర్ట్ మెయిల్ పంపుతుంది, విడిగా చెబితే తప్ప యంత్రాన్ని ఆపదు. ఆ లెక్క కూడా రోజుకు మహా అయితే మూడుసార్లే తాజా అవుతుంది. ఉదయం మొదలైన ఖర్చు సాయంత్రం గానీ కనబడకపోవచ్చు.